‘ఊరుకో’ అనే చిలుక

రాజా వచ్చిన రెండో రోజు సాయంత్రం మొదటిసారి నోరు విప్పింది. వెలుగు తగ్గే వేళకు చిలుకలు అరవడం మామూలే. అడవిలో గుంపంతా రాత్రి బసకు చేరే ముందు ఎవరెక్కడున్నారో ఒకదానికొకటి చెప్పుకునే పిలుపు అది. పంజరంలో పుట్టి పెరిగిన పక్షికి కూడా ఆ వేళ గుర్తుంటుంది. అందుకే అరుపు విని నేను ఆశ్చర్యపోలేదు. కానీ అరుపు ఆగీ ఆగకముందే అదే గొంతులోంచి, విసుగెత్తిన మగమనిషి స్వరంతో "ఊరుకో!" అని వినిపించేసరికి చేతిలో పని వదిలేసి నిలబడిపోయాను. మళ్లీ ఒక పిలుపు. మళ్లీ "ఊరుకో!" పిలిచేదీ తానే, కసిరేదీ తానే. చీకటి పడేదాకా అలాగే సాగింది.

అది ఆఫ్రికన్ గ్రే అనే బూడిద రంగు చిలుక. వయసు 22 ఏళ్లు. బరువు 352 గ్రాములు. ఆ జాతి పక్షులు మామూలుగా 400 నుంచి 500 గ్రాముల దాకా తూగుతాయి. రొమ్ము మీద వేలు ఆనిస్తే మధ్య ఎముక కత్తి అంచులా తగిలింది. మెడ కింది నుంచి కాళ్ల దాకా ఈకలు లేవు. అక్కడక్కడ మిగిలిన నూగు తప్ప అంతా బోసి చర్మమే. తల మీద మాత్రం ఒక్క ఈక చెదరలేదు. చిలుక ముక్కు దాని తలకు అందదు. కాబట్టి తల కూడా బోడిగా ఉంటే వైరస్ జబ్బునో, తోటి పక్షినో ముందుగా అనుమానిస్తాం. తల నిండుగా ఉండి ఒళ్లు మాత్రం బోసిపోయి ఉంటే ఆ ఈకలు చాలావరకు ఆ పక్షే పీక్కుని ఉంటుంది.

ఆఫ్రికన్ గ్రేలలో ఆడా మగా తేడా చూపుకు తెలియదు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే రాజా ఆడపక్షి అని తేలింది. ఇరవై రెండేళ్లు పలికిన పేరును మార్చడానికి నాకు మనసొప్పలేదు.

పెంచినవాళ్లు వదులుకున్న చిలుకలను తెచ్చుకుని, కోలుకున్నాక వేరే ఇళ్లకు పంపే పని నేను పదేళ్లుగా చేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఈకలు తిరిగి వచ్చినంత మాత్రాన చిలుక కోలుకుందని నేను అనను. చేతి మీదికి ఎక్కినా, మాటలు పలికినా అనను. తనకు ఇష్టం లేనిదాన్ని "వద్దు" అని చెప్పగలిగి, ఆ మాట చెల్లుతుందని నమ్మకం కుదిరిన పక్షే కోలుకున్న పక్షి. ఆ "వద్దు"ను నొచ్చుకోకుండా వినగలిగిన ఇల్లే దానికి తగిన ఇల్లు. వైద్యం, తిండి, పంజరం, శిక్షణ, చివరికి దత్తత, అన్నీ ఈ ఒక్క విషయం మీదే నిలబడతాయని నా నమ్మకం.

ఎంత ఓపికగా నచ్చజెప్పామో చెప్పాలంటే "చిలుకకు చెప్పినట్టు చెప్పాను" అంటాం. అర్థం తెలియకుండా వల్లెవేస్తే "చిలుక పలుకులు" అంటాం. రెండింటిలోనూ చెప్పేది మనిషి, అప్పగించేది చిలుక. అది మనకేదైనా చెబుతూ ఉండవచ్చుననే ఊహ మన నుడికారంలో దాదాపు లేదు. "చిలుక కొట్టిన పండు" అన్నప్పుడు మాత్రం దాని ఎంపికకు కాస్త విలువ ఇచ్చాం. ఆ పాటి విలువ పంజరంలో ఉన్న చిలుకకు కూడా దక్కాలన్నదే నా వాదన.

చిలుక కొరికే ముందు చాలా చెబుతుంది. కంటిపాప చకచకా చిన్నదై పెద్దదవుతుంది. మెడ వెనక ఈకలు లేస్తాయి. తోక విసనకర్రలా విచ్చుకుంటుంది. ఒక్కోసారి ఇందుకు విరుద్ధంగా ఒళ్లంతా సన్నగా బిగుసుకుపోయి, ఈకలన్నీ శరీరానికి అతుక్కుంటాయి. అది భయం. కొన్ని పక్షులు ముందుకు వంగి నోరు తెరుస్తాయి. కొన్ని మీ చేయి రావడం చూసి కొమ్మ మీద ఒక అడుగు పక్కకు జరుగుతాయి. ఆ ఒక్క అడుగే పూర్తి వాక్యం. చాలా ఇళ్లలో చేయి అక్కడ ఆగదు. "చేయి వెనక్కి తీస్తే అలుసైపోతావు" అని ఎవరో చెప్పి ఉంటారు. అలా చెప్పి చెప్పి, ఏ మాటా చెల్లకపోగా, చివరికి చిలుక కొరుకుతుంది. అప్పుడు చేయి వెనక్కి వెళుతుంది. పక్షికి పాఠం తెలిసిపోతుంది: తన దగ్గర ఉన్న ఇరవై మాటల్లో పనిచేసేది ఒక్కటే. మిగతా పంతొమ్మిదీ అది మెల్లగా మానేస్తుంది. ఆ తరువాత ఇంట్లో వాళ్లు ఫోను చేసి "ఉన్నట్టుండి కొరుకుతోందండీ" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ముందు మాటలన్నీ ఎప్పుడో పోయాయి మరి.

నేనూ ఆ తప్పు చేశాను. మొదటి ఏడాది నా దగ్గరికి ఒక అమెజాన్ చిలుక వచ్చింది. "మచ్చిక చేయాలంటే చేయి అలవాటు చేయాలి" అన్న సలహా విని, రోజూ దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకునేదాన్ని. పదిహేనో రోజుకు అది పెనుగులాడటం మానేసింది. లొంగిందని సంతోషించాను. ఒక పక్షుల వైద్యురాలు చూసి చెప్పారు, అది ఆశ వదులుకుందని. కళ్లు సగం మూసి, ఒళ్లు వదిలేసి, చేతిలో వస్తువులా పడి ఉన్న ఆ పక్షిని ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ తువ్వాలు రోజులను దాని మనసులోంచి తీసివేయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే గురించి చాలామంది వినే ఉంటారు. శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో ఒక పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న పక్షి అది. 2007లో చనిపోయేదాకా ముప్పై ఏళ్లు ఆమె పరిశోధనలో పాల్గొంది. రంగులు, ఆకారాలు చెప్పేది, ఆరు దాకా లెక్కపెట్టేది. రెండు వస్తువుల మధ్య ఏ తేడా లేకపోతే "ఏదీ లేదు" అనేది. ఈ ఘనతలే అందరూ చెప్పుకుంటారు. నాకు వాటికంటే విలువైనదిగా తోచేది వేరొకటి ఉంది. అలెక్స్‌కు "వద్దు" అనడం తెలుసు. ప్రయోగాలతో విసిగిపోతే తన చోటికి తిరిగి వెళతానని అడిగేది. ఆ మాటలకు అక్కడ విలువ ఉండేది కాబట్టే అది వాటిని నేర్చుకుంది, వాడుకుంది. మా రాజా కూడా ఇరవై రెండేళ్లలో ఒక మాట బాగా నేర్చుకుంది. తాను పిలిచినప్పుడల్లా ఏ జవాబు వచ్చిందో, ఆ మాట.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. రాజాను నా దగ్గరికి తెచ్చింది ఆయనే. పెద్దాయన. కొడుకు చిన్నప్పుడు ముచ్చటపడి కొన్న పక్షి. కొడుకు పెద్దవాడై వెళ్లిపోయాడు. భార్యకు జబ్బు చేసింది, చిన్న శబ్దానికి కూడా ఆమెకు తలనొప్పి వచ్చేది. పంజరం హాల్లోంచి వెనక గదిలోకి మారింది. తరువాత దాని మీద దుప్పటి పడింది. మొదట రాత్రుళ్లు, తరువాత మధ్యాహ్నాలు, చివరి రెండేళ్లు రోజులో చాలా భాగం. ప్రతి మార్పుకూ ఆ రోజుకు తగిన కారణం ఉంది. ఆయన మాట్లాడుతూ ఉంటే రాజా పంజరం కమ్మీలకు ఆనుకుని, రెక్కలు కొద్దిగా విప్పి, ఆయన వైపే వాలింది. ఆయన ఏడ్చారు. నేను కోపం తెచ్చుకోవాలని సిద్ధమై ఉన్నాను, రాలేదు.

ఇలా పక్షులను వదులుకునేవాళ్ల మీద దయలేకుండా రాసే రాతలు నేను తరచూ చూస్తుంటాను. "పెంచలేనివాళ్లు ఎందుకు కొన్నారు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఇది నాకు సమ్మతం కాదు, మెత్తదనం వల్ల మాత్రమే కాదు. అలా తిట్టడం వల్ల పక్షికే నష్టం. తిట్లకు భయపడిన మనిషి ఇంకో మూడేళ్లు దుప్పటి కప్పి ఉంచుతాడు, లేదా తెలియని ఎవరికో రాత్రికి రాత్రి అమ్మేస్తాడు. తనంతట తాను తెచ్చి అప్పగించి, "దీనికి ఇది ఇష్టం, దానికి భయపడుతుంది, ఈ పాట వింటే తల ఊపుతుంది" అని కూర్చుని చెప్పిన మనిషి ఆ పక్షికి ఎంతో మేలు చేసినట్టు. చిలుకల పట్ల నిర్లక్ష్యం చాలావరకు క్రూరత్వంలోంచి పుట్టదు. ఇల్లు మారుతూ ఉంటుంది, పక్షి జీవితం మనిషి జీవితమంత సాగుతూ ఉంటుంది. ఈ రెండూ కలవని చోట పుడుతుంది.

ఆ జీవితం ఎంత పొడవైనదో కొనేటప్పుడు ఎవరికీ ఊహకు అందదు. కొకటీల్ అనే చిన్న చిలుక పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఆఫ్రికన్ గ్రే నలభై ఏళ్లు దాటగలదు. పెద్ద మకావ్‌లు, కొకాటూలు అంతకంటే ఎక్కువ. షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జూలో కుకీ అనే మేజర్ మిచెల్స్ కొకాటూ ఉండేది. 1933లో పుట్టి 2016లో, 83 ఏళ్ల వయసులో చనిపోయింది. దీర్ఘాయువు గురించి చెప్పినప్పుడు దాని పేరు వస్తుంది కానీ నాకు అది గుర్తుండటానికి కారణం వేరే. ముసలితనంలో దానికి ఎముకలు గుల్లబారాయి, కీళ్లవాతం వచ్చింది. జీవితంలో మొదటి నలభై ఏళ్లు కేవలం గింజలే పెట్టడం అందుకు కారణమై ఉంటుందని జూ భావించింది. ఆ రోజుల్లో ఆ జాతికి ఏం కావాలో తెలియదు. ఇప్పుడు తెలుసు. అయినా నా దగ్గరికి వచ్చే పక్షుల్లో ఎక్కువ భాగం పొద్దుతిరుగుడు గింజల డబ్బాతోనే వస్తాయి.

గింజల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నిర్లక్ష్యంలో కంటికి కనిపించని భాగం ఇదే. పొద్దుతిరుగుడు గింజలో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఏ, కాల్షియం చాలా తక్కువ. గిన్నె నిండా వేస్తే పక్షి ఇష్టంగా తింటుంది, ఇంట్లోవాళ్లకు తృప్తిగా ఉంటుంది. లోపల కాలేయానికి కొవ్వు పడుతుంది, ముఖ్యంగా అమెజాన్ చిలుకల్లో. గ్రేలలో కాల్షియం పడిపోయి మూర్ఛలు రావచ్చు. నోటి లోపలి పొరలు, ఊపిరి దారి పొరలు బలహీనపడి అంటురోగాలు తేలికగా పడతాయి. ముక్కు వంకరగా, పొరలుపొరలుగా పెరిగిపోతే "అరగదీస్తే సరిపోతుంది" అనుకుంటారు. ఒక్కోసారి అది కాలేయం చెబుతున్న మాట.

ఇది తెలియగానే చాలామంది చేసే పని, గింజలు తీసేసి పెల్లెట్లు (పోషకాలు కలిపి గుళికలుగా చేసిన తిండి), కూరగాయలు పెట్టడం. దయచేసి అలా చేయకండి. గింజ తప్ప మరొకటి ఎరగని పక్షికి పెల్లెట్ తినే వస్తువుగా కనిపించదు. గిన్నె నిండా తిండి ఉండగానే అది ఆకలితో చనిపోగలదు. మారేది తప్పనిసరిగా మెల్లగానే మారాలి, రోజూ ఉదయం గ్రాముల తూకం మీద బరువు చూసుకుంటూ మారాలి. ఉన్న బరువులో పదో వంతు తగ్గిందంటే ఆపి వైద్యుల దగ్గరికి వెళ్లాలి. రాజాకు నేను పెల్లెట్లను పళ్లెంలో పెట్టి తినమని ఒత్తిడి చేయలేదు. నేను దాని ఎదురుగా కూర్చుని నా తిండి తిన్నాను. పక్కన దాని చిన్న పళ్లెంలో అదే క్యారెట్ ముక్క, అదే ఆకుకూర, ఒక మిరపకాయ. మిరపకాయ కారం పక్షులకు తెలియదు, ఆ మంటను పసిగట్టే గ్రాహకం వాటిలో దానికి స్పందించదు. పదకొండో రోజున మిరపకాయను కాలితో పట్టుకుని, గింజలు ఒక్కొక్కటీ వలిచి తిన్నది. ఆ తరువాత క్యారెట్‌ను మూడు వారాల పాటు తీసి కింద పడేసింది. పడేయనిచ్చాను. పళ్లెంలోది తీసి పడేయడం కూడా ఒక మాటే. ఆ మాట అనే స్వేచ్ఛ ఉన్న పక్షే చివరికి రుచి చూస్తుంది.

ఈకల సంగతికి వస్తాను. ఈకలు పీక్కునే పక్షికి ముందు వైద్య పరీక్షలు జరగాలి. పేగుల్లో పరాన్నజీవులు, సీసం లేదా జింకు విషం, వైరస్, కాలేయం, అలర్జీ, ఇవేవీ లేవని తేలాకే మనసు వైపు చూడాలి. దొరికిన మెడ పట్టీ కట్టేసి "ఇక పీక్కోదు" అనుకోవడం నోరు కట్టేసి "ఇక ఏడవదు" అనుకోవడం లాంటిది. చర్మం తెగేలా గాయం చేసుకునే పక్షికి పట్టీ అవసరమే, అది వైద్యుల నిర్ణయం. మిగతావాటికి కావలసింది పని.

పని అనే మాట ఆలోచించే వాడుతున్నాను. అడవిలో చిలుక మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం తిండి వెతకడానికే పోతుంది. ఎగరాలి, చెట్టు గుర్తుపట్టాలి, కాయ కోయాలి, కాలితో తిప్పాలి, పెంకు పగలగొట్టాలి. పంజరంలో గిన్నె ముందుకు వచ్చి పడుతుంది. కాసేపట్లో అయిపోతుంది. మిగతా రోజంతా ఆ ముక్కు, ఆ బుర్ర ఏం చేయాలి? చేతికి అందే ఒకే ఒక్క వస్తువు దాని ఒళ్లు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కుర్ర అమెజాన్ చిలుకల మీద చేసిన ప్రయోగం 2003లో వెలువడింది. తిండిని వెతికి, విప్పి తీసుకునే ఏర్పాట్లు ఉన్న పక్షుల ఈకలు బాగున్నాయి. ఏర్పాట్లు లేనివి పీక్కున్నాయి. తరువాత వాటికి కూడా ఆ ఏర్పాట్లు ఇస్తే ఈకల స్థితి మెరుగుపడింది. 2021లో వచ్చిన మరో పరిశోధన యాభై జాతులకు చెందిన వెయ్యికి పైగా పెంపుడు చిలుకల వివరాలు పరిశీలించింది. అడవిలో ఎక్కువ శ్రమపడి ఒలుచుకుని తినే జాతులకు పంజరంలో ఈకలు పాడుచేసుకునే ముప్పు ఎక్కువ. శరీరంతో పోలిస్తే మెదడు పెద్దదైన జాతుల్లో అర్థంలేని కదలికలు, అటూ ఇటూ తిరగడం, తల ఊపడం ఎక్కువ. మనం ఏ తెలివికి మురిసి వాటిని ఇంటికి తెచ్చుకుంటామో, అదే తెలివి వాటిని ఇక్కడ కుళ్లబొడుస్తోంది.

కాబట్టి రాజా గిన్నెను తీసేశాను. తిండి కాగితంలో చుట్టాను, అట్టపెట్టెల్లో దాచాను, కొమ్మ కన్నాల్లో కుక్కాను. మొదటి వారం కాగితాన్ని చూసి వణికింది. అందుకని మొదట పొట్లం కట్టలేదు, కాగితం మీద గింజ పెట్టానంతే. తరువాత అంచు ఒకటి మడిచాను. ఆ తరువాత రెండు. పూర్తి పొట్లం విప్పడానికి దానికి నలభై రోజులు పట్టింది. ఆ రోజు కాగితం చింపే చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఇప్పుడది రోజుకు ఒక అట్టపెట్టెను పొట్టు చేస్తుంది. ఒకే మందం ఉన్న నున్నటి కర్రలు తీసేసి, రకరకాల మందాల కొమ్మలు కట్టాను. నున్నటి కర్ర మీద ఏళ్ల తరబడి ఒకే తీరున నిలబడితే పాదాల కింద పుండ్లు పడతాయి, రాజా పాదాలు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. రాత్రి పది పన్నెండు గంటల చీకటి, పగలు వెలుగు. దుప్పటి మాత్రం ఎప్పుడూ కప్పలేదు, నిద్రకు గది చీకటి చేశాను.

అరుపుకు జవాబు కూడా మార్చాను. చిలుక పిలిచినప్పుడు "ఊరుకో" అని అరిస్తే దానికి జవాబు దొరికినట్టే, మళ్లీ పిలుస్తుంది. పూర్తిగా పట్టించుకోకపోతే గుంపు తప్పిపోయిన పక్షిలా మరింత గట్టిగా పిలుస్తుంది. సాయంత్రం వెలుగు తగ్గగానే, అది మొదలు పెట్టకముందే, నేను ఏ గదిలో ఉన్నా ఒక చిన్న ఈల వేయడం అలవాటుగా పెట్టుకున్నాను. నేనిక్కడే ఉన్నానని. నాలుగు నెలలకు రాజా ఆ ఈల నేర్చుకుని తిరిగి వేసింది. "ఊరుకో" పోలేదు. తగ్గింది, అంతే.

ఇక్కడ చెప్పవలసిన చేదు సంగతి ఒకటుంది. ఏళ్ల తరబడి పీకిన చోట ఈక మొలిచే కుదురే చచ్చిపోవచ్చు. ఆ తరువాత పక్షి ఎంత సుఖంగా ఉన్నా అక్కడ ఈక రాదు. రాజా రొమ్ము మీద సగం ఈకలు వచ్చాయి, సగం రాలేదు, ఇక రావు. అందుకే "అప్పుడు – ఇప్పుడు" అంటూ పక్కపక్కన పెట్టే ఫోటోలంటే నాకు బాధ. ఆ ఫోటోలు చూసినవాళ్లు బోసి పక్షిని చూసి ఇంకా బాగు కాలేదనుకుంటారు, తీసుకోరు. ఈకలు నిండిన పక్షిని పూర్తిగా బాగైందనుకుని తీసుకెళ్లి, మూడో రోజే భుజం మీద కూర్చోబెట్టుకుంటారు. రెండూ అన్యాయాలే.

"ఇంత బాధ ఎందుకు, పంజరం తలుపు తీసి వదిలేయండి" అనేవాళ్లకు ఒక్క మాట. పెంపుడు ఇంట్లో పెరిగిన పక్షికి ఏ కాయ తినదగినదో తెలియదు, డేగను గుర్తుపట్టదు, గుంపు భాష రాదు. రెక్కల బలం ఉండదు. తన ఖండం కాని చోట వదిలితే ఇది ఇంకా దారుణం. తన జాతి పక్షి ఒక్కటీ లేని ఆకాశంలో తన గుంపును పిలుచుకుంటూ, కొన్ని రోజుల్లో ఆకలితోనో గోళ్లకు చిక్కో పోతుంది. స్థానిక అడవి జాతి పక్షి అయితే అది అక్కడి అటవీ శాఖకు, అనుభవమున్న పునరావాస కేంద్రానికి అప్పగించవలసిన విషయం. దానికి వేరే పద్ధతి ఉంది, వేరే చట్టాలున్నాయి.

అసలు ఈ గ్రేలలో ఎన్ని అడవిలోంచి వచ్చాయో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. గడిచిన కొన్ని దశాబ్దాల్లో పది లక్షలకు పైగా ఆఫ్రికన్ గ్రేలను అడవుల్లో పట్టి దేశదేశాలకు పంపారు. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సమావేశంలో సైటిస్ (ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) దేశాలు ఈ జాతిని, అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే మొదటి అనుబంధంలోకి చేర్చాక గానీ అడవి పక్షుల అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం రాలేదు. పిల్లప్పుడు కాలికి తొడిగే అతుకులేని కడియం ఉంటే అది మనుషుల దగ్గర పుట్టిన పక్షి అని ఒక గుర్తు. రాజా కాలికి ఏ కడియమూ లేదు.

తోడు గురించి కూడా తొందరపడతారు. ఒంటరిగా ఉంచిన ఆఫ్రికన్ గ్రేలకు, జంటగా ఉన్నవాటికంటే, క్రోమోజోముల కొసల్లో ఉండి వయసుతో పాటు అరిగే టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయని 2014లో ఒక పరిశోధన చూపించింది. ఒంటరితనం కణం దాకా దిగుతుందన్నమాట. ఇది చదివి వెంటనే ఇంకో పక్షిని తెచ్చి అదే పంజరంలో పెడితే అనర్థమే. చిలుకలకు ఎవరైనా పరవాలేదనేది ఉండదు, వాటికీ ఇష్టాయిష్టాలున్నాయి. పైగా కొత్త పక్షిని కనీసం నెల, నెలన్నర వేరే గదిలో ఉంచి పరీక్షలు చేయించాలి. సర్కోవైరస్, బోర్నావైరస్ లాంటివి సోకితే తోటి పక్షుల ప్రాణాలు పోవచ్చు. చిలుక జ్వరం మనుషులకు కూడా సోకుతుంది, 1929–30లో పెంపుడు చిలుకల ద్వారా పలు దేశాలకు పాకి ప్రాణాలు తీసింది. ఇప్పుడు మందులున్నాయి, పరీక్ష చేయించాలంతే.

ఇక దత్తత. నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "మాట్లాడుతుందా?" అని. రెండోది "కొరుకుతుందా?" అని. నేను వాళ్లను అడిగేది ఒక్కటే: "ఆరు నెలలు మీ దగ్గరికి రాకపోతే మీకెలా ఉంటుంది?" చాలామంది "ప్రేమగా చూసుకుంటే వస్తుంది కదా" అంటారు. మంచివాళ్లే. కానీ ఆ మాటలో ఒక అప్పు ఉంది, పక్షి తీర్చవలసిన అప్పు. నేను ఇంత చేశాను, నువ్వు రావాలి అని. తీర్చకపోతే ఏడాదికి ప్రేమ విసుగవుతుంది, విసుగు వెనక గదిలోకి చేరుతుంది. అలాంటి ఇంటికి నేను పక్షిని పంపను, తోట ఉన్నా, గదంత పంజరం ఉన్నా. "రాకపోతే ఏముంది, అక్కడే కూర్చుని కబుర్లు చెబుతాను" అన్న మనిషికి చిన్న ఇల్లున్నా పంపుతాను. ఆ తరువాతే మిగతావి: దగ్గరలో పక్షుల వైద్యులు ఉన్నారా, నాన్‌స్టిక్ పాత్రలు వాడతారా (అవి మాడితే వచ్చే పొగ చిలుకను నిమిషాల్లో చంపేస్తుంది), ఇంట్లో పొగతాగుతారా, వీళ్ల తరువాత ఎవరు చూసుకుంటారో రాసి పెడతారా. వీపు, రెక్కల కింద నిమరకూడదని, అది జత కట్టే సంకేతమై పక్షిని చికాకు పెడుతుందని కూడా చెబుతాను. తల, మెడ చాలు.

నన్ను ప్రేమగా మందలించేవాళ్లున్నారు. "ఇన్నాళ్లకు నిన్ను నమ్మింది, మళ్లీ ఇల్లు మార్చి ఎందుకు బాధ పెడతావు, నువ్వే ఉంచుకో" అని. తేలికగా కొట్టిపారేయగల మాట కాదిది. మారడం పక్షికి కష్టమే. కానీ ఉంచుకున్న ప్రతి పక్షీ తలుపు దగ్గర ఎదురుచూస్తున్న ఇంకొకదానికి దారి మూసేస్తుంది. పక్షులు పెరిగేకొద్దీ ఒక్కొక్కదానికి దక్కే నా సమయం తగ్గుతుంది. ఇరవై పంజరాలున్న దయగల ఇల్లు, ఒక దుప్పటి కప్పిన పంజరం, ఈ రెంటి మధ్య దూరం మనం అనుకునేంత లేదు. మంచి మనసుతో మొదలుపెట్టి అక్కడికి చేరినవాళ్లను చూశాను. ఇంకో సంగతి కూడా ఉంది. నన్ను మాత్రమే నమ్మే పక్షి నిజానికి కోలుకోలేదు. తన మాట వేరే మనిషి దగ్గర కూడా చెల్లుతుందని తెలిస్తేనే ఆ నమ్మకం దానిది అవుతుంది.

రాజా నా దగ్గర రెండేళ్ల నాలుగు నెలలు ఉంది. తీసుకున్న దంపతులు అంతకు ముందు పదకొండుసార్లు వచ్చారు. మొదటి నాలుగుసార్లు అది వాళ్లకు వీపు చూపించి కూర్చుంది. వాళ్లు దాని వీపుతోనే మాట్లాడి వెళ్లారు. ఆరోసారి వచ్చినప్పుడు ఆవిడ చేయి చాచింది, రాజా ఒక అడుగు పక్కకు జరిగింది, ఆవిడ చేయి వెంటనే వెనక్కి తీసుకుని "సరే" అంది. ఆ "సరే" విన్న రోజే నేను నిర్ణయించుకున్నాను. పంపిన రోజు బరువు 431 గ్రాములు. తూకం, రోజూ రాసిన పుస్తకం, కొరికిన కొమ్మ ఒకటి, నా ఈల, అన్నీ వాళ్లకు అప్పగించాను.

పెద్దాయనకు ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఇంకా నా గొంతుతో అంటోందా?" అని అడిగారు. అంటోందని చెప్పాను. దాచాలని అనిపించలేదు.

మొన్న ఆ దంపతుల ఇంటి నుంచి ఫోను వచ్చింది. వెళ్లి ఏడు వారాలైంది, ఇంకా చేతి మీదికి ఎక్కలేదట. ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు. వేళ్లను ముక్కుతో తోసేస్తోందని, గట్టిగా కాదని, కొరకడం లేదని చెప్పింది. వెనకాల సాయంత్రపు పిలుపు వినిపించింది, ఆ తరువాత ఆ పాత కసురు, ఆ వెంటనే ఆవిడ భర్త వేసిన ఈల. ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను. కాగితం చింపుతున్న చప్పుడు మొదలైంది.